దగ్గితే రక్తం: స్కాన్‌లో చోటు దొరకనప్పుడు

రక్తం ముక్కు, చిగుళ్లు, కడుపు నుంచి కాదు, ఊపిరితిత్తుల నుంచే అని తేలాక చదవాల్సిన సంగతులివి. ఊపిరి దారి భద్రంగా ఉన్నాకే రోగిని స్కాన్‌కి పంపండి.

ఎక్స్‌రే బాగుంది, రక్తం ఆగడం లేదు: చిన్న గడ్డలు, వెడల్పైన శ్వాసనాళాలు ఎక్స్‌రేకి చిక్కకపోవచ్చు. కాంట్రాస్ట్ సీటీ (రక్తనాళాలు కనబడేలా మందు ఎక్కించి తీసే స్కాన్) చేయించండి.

సీటీ తీసినా రక్తనాళం తెలియలేదు: ఎక్కువగా రక్తం పడే కేసుల్లో దాదాపు 90 శాతం రక్తం వచ్చేది బ్రాంకియల్ ధమనుల (శ్వాసనాళాలకి రక్తం ఇచ్చేవి) నుంచే. అవి బృహద్ధమని (గుండె నుంచి ఒంటికంతా రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని) నుంచి పుడతాయి. పుపుస ధమనిలో (గుండె నుంచి ఊపిరితిత్తులకి వెళ్లేది) గడ్డకట్టిన రక్తం కోసం తీసే స్కాన్‌లో అవి సరిగా కనబడవు. కాంట్రాస్ట్ బృహద్ధమనికి చేరాక, మెడ కింది నుంచి మూత్రపిండాల దాకా తీయాలి. ఫారంలో ‘ఛాతీ సీటీ’ అని వదిలేయకుండా ‘దగ్గులో రక్తం’ అని రాయండి. ఆ మాట లేకపోతే టెక్నీషియన్‌కి ఎలా తెలుస్తుంది?

పాత టీబీ మనిషికి మళ్లీ రక్తం: ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే. పై భాగంలో నీడ చూడగానే టీబీ తిరగబెట్టిందని మళ్లీ మందులు మొదలుపెడతారు. నెలలు గడుస్తాయి, రక్తం పడుతూనే ఉంటుంది. పాత క్యావిటీలో (టీబీ మిగిల్చిన గుల్లలో) ఆస్పర్‌జిల్లస్ ఫంగస్ ముద్దకట్టి ఉండొచ్చు. సీటీలో ముద్ద పైన గాలి నెలవంకలా కనిపిస్తుంది. బోర్లా పడుకోబెట్టి ఇంకోసారి తీస్తే ముద్ద చాలాసార్లు కిందికి జారుతుంది. గోడకి అంటుకున్నది మాత్రం కదలదు, రక్తపు గడ్డ కూడా అలాగే కనిపించవచ్చు. కాబట్టి ఆస్పర్‌జిల్లస్ యాంటీబాడీ పరీక్ష కూడా చేయించండి. ఈమధ్యే టీబీ మందులు వాడినవాళ్లలో సీబీనాట్ (టీబీ క్రిమి జన్యువుని పట్టే పరీక్ష) చచ్చిన క్రిములకి కూడా పాజిటివ్ చూపగలదు, కల్చర్ (క్రిములని పెంచి చూసే పరీక్ష) ఫలితం వచ్చేదాకా తొందరపడొద్దు.

అన్నిటికంటే ముందు పాత ఫిల్ములు అడగండి, దయచేసి! ఇంట్లో బీరువాలో ఉంటాయి, ఎవరూ తెమ్మని చెప్పరు. అదే క్యావిటీ గోడ ఇప్పుడు మందమైందంటే, ముద్ద కనబడకముందే ఫంగస్‌ని అనుమానించాలి.

ఎంబొలైజేషన్‌తో (రక్తం కారే ధమనిని లోపలి నుంచి మూసేయడం) రక్తం ఆగినా ముద్ద అక్కడే ఉంటుంది, మళ్లీ పడవచ్చు. ఊపిరితిత్తుల శక్తి సరిపోతే సర్జన్‌కి చూపించండి. ఎంబొలైజేషన్ అయ్యాక కూడా ఆగకపోతే పక్కటెముకల మధ్య ధమనులు, క్యావిటీ గోడలో ఉబ్బిన పుపుస ధమని కొమ్మ చూడాలి.

పుట్టుకతో వచ్చే రక్తనాళాల ముడులు, వాస్కులైటిస్ (రక్తనాళాల గోడల వాపు) లాంటివి అరుదు. పై కారణాలేవీ కాకపోతేనే వాటి జోలికి వెళ్లండి.