పైథాన్ పుస్తకం కొన్నారా? అయితే ఇలా మొదలుపెట్టండి

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుందామని పుస్తకం కొని, లూపుల (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి) అధ్యాయం దగ్గర మూసేసి అటక మీద పెట్టేసినవాళ్లు నాకు చాలామందే తెలుసు. పుస్తకం కష్టమై కాదు. మంచం మీద వాలి నవల చదివినట్టు చదువుకుంటూ పోతారు, మొదటి రెండు అధ్యాయాలు ఇట్టే అర్థమైపోతాయి, ఓస్ ఇంతేనా అనిపిస్తుంది, ఆ ఊపులో లూపుల్లోకి దిగేసరికి ఒక్క ముక్క బుర్రకెక్కదు. అందుకని మొదటి రూలు ఇదే: ఎదురుగా కంప్యూటర్ ఆన్‌లో లేకపోతే ఆ పుస్తకం తెరవొద్దు.

ఏ భాషతో మొదలుపెట్టాలి అని యూట్యూబ్‌లో నెలల తరబడి వెతికేవాళ్లకు ఒక్క మాట. కాలేజీలో సీ చెబుతుంటే సీ నేర్చుకోండి, లేదంటే పైథాన్. దీని మీద ఇంతకంటే ఆలోచన దండగ. ఇక్కడ నేను చెప్పేది పైథాన్ గురించే అయినా పద్ధతి దేనికైనా ఒకటే.

కోఠీలోనో, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీదో పాత పుస్తకం చవగ్గా దొరికిందనుకోండి, కొనేముందు లోపల ఒక్క ప్రోగ్రాం చూడండి. ప్రింట్ అన్న మాట తర్వాత బ్రాకెట్ ఉందా? లేకుండా నేరుగా కోట్స్‌లో మాటలు మొదలైపోతే అది పాత వెర్షన్ పైథాన్ 2 పుస్తకం, దాన్ని అక్కడే పెట్టేయండి. పైథాన్ 2కి 2020 జనవరి 1తోనే సపోర్ట్ ఆపేశారు. తేడా బ్రాకెట్లతో ఆగితే సర్దుకుపోవచ్చు, కానీ 7ని 2తో భాగిస్తే పాతదాంట్లో 3 వస్తుంది, ఇప్పటిదాంట్లో 3.5 వస్తుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లకు తప్పు తమదో పుస్తకానిదో తెలియక పిచ్చెక్కిపోతుంది. సీ పుస్తకాల్లోనూ ఇదే గొడవ: టర్బో సీ అనే పాత సాఫ్ట్‌వేర్ కాలం నాటి పుస్తకమైతే ప్రోగ్రాం మొదట్లోనే కోనియో డాట్ హెచ్ అనే ఫైలు పేరు తరచూ ఉంటుంది, ఇప్పుడు లైనక్స్‌లో జీసీసీకి (సీ ప్రోగ్రాంలను నడిచేలా తయారుచేసే సాఫ్ట్‌వేర్) ఆ ఫైలే దొరకదు.

ఇన్‌స్టాల్ చేయడం పెద్ద పనేం కాదు. పైథాన్ డాట్ ఆర్గ్ నుంచి దించుకోండి, విండోస్‌లో ఇన్‌స్టాల్ మొదలయ్యేటప్పుడు కింద పాత్‌కి (ప్రోగ్రాంలు ఎక్కడున్నాయో విండోస్ వెతుక్కునే జాబితా) యాడ్ చేయమంటారా అని ఒక చిన్న గడి కనిపిస్తే, దానికి టిక్ పెట్టండి. దాంతోపాటే ఐడిల్ అనే చిన్న ఎడిటర్ వస్తుంది, మొదటి నెలకు అది బోలెడు. వీఎస్ కోడ్ లాంటి పెద్ద ఎడిటర్, దానికి థీములు, ఎక్స్‌టెన్షన్లు అంటూ కూర్చుంటే ఆదివారం అంతా అందులోనే పోతుంది. ల్యాప్‌టాప్ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లో పైడ్రాయిడ్ 3 అనే యాప్ వేసుకున్నా పని జరుగుతుంది, కాకపోతే ఆ చిన్న కీబోర్డు మీద బ్రాకెట్లు కొట్టేసరికి ప్రాణం విసిగిపోతుంది.

ఇక అసలు పని. పుస్తకంలో ఉన్న ప్రతి ప్రోగ్రాంనీ మీ వేళ్లతో టైప్ చేయండి, రెండు లైన్లదైనా సరే. పీడీఎఫ్ నుంచి కాపీ కొట్టి పేస్ట్ చేయొద్దు. నేర్చుకోవడం సంగతి అటుంచి, పీడీఎఫ్‌లో కోట్స్ చాలాసార్లు అందం కోసం వంకర తిరిగి ఉంటాయి, పైథాన్‌కి నిటారు కోట్స్ తప్ప అర్థం కావు, చూడ్డానికి అంతా కరెక్టే కానీ ప్రోగ్రాం మాత్రం నడవదు.

టైప్ చేశాక వెంటనే రన్ చేయకండి. జవాబు ఏమొస్తుందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. నా ఉద్దేశంలో పుస్తకంలో సగం విషయం ఈ ఒక్క అలవాటుతోనే వంటబడుతుంది. ఉదాహరణకి ఏడో ఎక్కం తీసుకోండి. ఫర్ లూప్ రాసి, రేంజ్‌లో 1, 10 అని ఇచ్చి, ఐ ని (లూప్‌లో ప్రతిసారీ మారే అంకె పేరు) 7తో గుణించి ప్రింట్ చేయమన్నారు. కాగితం మీద మీరు 7 నుంచి 70 దాకా రాసి ఉంటారు. రన్ చేస్తే 63 దగ్గర ఆగిపోతుంది! రేంజ్‌లో రెండో అంకె లెక్కలోకి రాదు, దాని ముందుదాకే వెళ్తుంది, 70 కావాలంటే 11 ఇవ్వాలి. ఈ ముక్క పుస్తకంలో కూడా ఉంటుంది, కానీ చదివితే మర్నాటికి పోతుంది, కాగితం మీద రాసుకున్న 70 స్క్రీన్ మీద కనపడకపోతే మాత్రం జన్మలో మర్చిపోరు.

నడిచాక దాన్ని కావాలని చెడగొట్టండి. కోలన్ తీసేయండి, ఒక కోట్ తీసేయండి, లూప్ లోపలి లైన్‌ని పూర్తిగా ఎడమ అంచుకి జరపండి. ప్రతిదానికీ ఏం తిడుతుందో చూడండి. ఎర్రర్ వస్తే టెన్షన్ పడి పైనుంచి చదవడం మొదలుపెడతారు చాలామంది. కింద నుంచి చదవాలి. చివరి లైన్‌లో ఏం జరిగిందో ఉంటుంది, దానిపైన ఏ లైన్‌లో జరిగిందో ఉంటుంది. నేమ్ ఎర్రర్ అంటే ఎక్కువగా స్పెల్లింగ్ తప్పే. సింటాక్స్ ఎర్రర్ చూపించిన లైన్‌లో ఏ తప్పూ కనపడకపోతే దాని పై లైన్ చూడండి, అక్కడ బ్రాకెట్ మూయడం మర్చిపోయి ఉంటారు.

ఒక చిలిపి ఎర్రర్ గురించి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే దీన్ని పట్టుకోవడం కొత్తవాళ్ల వల్ల కాదు. పుస్తకంలో ర్యాండమ్ అనే మాడ్యూల్ (పైథాన్‌తో పాటే వచ్చే రెడీమేడ్ కోడ్ ఫైలు) గురించి చదువుతూ, గుర్తుంటుంది కదా అని మన ఫైలుకి కూడా ర్యాండమ్ అనే పేరు పెడతాం. అంతే, పైథాన్ అసలు మాడ్యూల్‌ని వదిలేసి మన ఫైలునే తెచ్చుకుంటుంది. పేరు మార్చండి, సరిపోతుంది.

ఇన్‌పుట్ దగ్గర కాస్త ఆగండి. యూజర్ని రెండు అంకెలు అడిగి కలిపితే 5, 5 ఇచ్చినప్పుడు 10 బదులు 55 వస్తుంది. ఇన్‌పుట్ ఎప్పుడూ అక్షరాలుగానే ఇస్తుంది, ఇంట్ అని చుట్టి అంకెగా మార్చుకోవాలి. స్ట్రింగుల (అంటే కోట్స్‌లో రాసే అక్షరాల) అధ్యాయంలో ఉన్నప్పుడే సరదాగా కోట్స్‌లో తెలుగు అనే మాట పెట్టి పొడవు అడగండి. మనకు కనపడేవి మూడు అక్షరాలు, అది 6 అంటుంది: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడిగా లెక్కేస్తుంది కాబట్టి. ఇంగ్లిష్ పుస్తకాల్లో ఇది మీకు చెప్పరు.

తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లిష్ పుస్తకం చూసి భయపడేవాళ్లకు: ఈ పుస్తకాల్లో ఇంగ్లిష్ చాలా కొద్ది, అవే మాటలు తిరిగి తిరిగి వస్తాయి. మార్జిన్‌లో పెన్సిల్‌తో తెలుగులో రాసుకోండి, ఎవరూ నవ్వరు.

ఎక్సర్‌సైజులు వదలొద్దు. కానీ ఒక్కోదాని మీద అరగంటకు మించి తల బాదుకోవద్దు. అప్పటికీ రాకపోతే జవాబు చూసి, పుస్తకం మూసి, మళ్లీ మొదటి నుంచి రాయండి. చాట్‌జీపీటీని అడగాలనిపిస్తే ఈ ఎర్రర్ అంటే ఏంటి అని అడగండి, ప్రోగ్రాం రాసిపెట్టమని మాత్రం వద్దు.

లిస్టులు (చాలా విలువల్ని వరసగా దాచే పద్ధతి) అయిపోగానే మీ సొంతానికి ఒకటి మొదలుపెట్టండి. పాల లెక్క మంచిది. రోజూ ఎన్ని లీటర్లు పోయించుకున్నారో ఒక లిస్టులో వేయండి: 1, 1, 0, 1.5 ఇలా. లూప్‌తో మొత్తం కూడండి, లీటరు ధరతో గుణించండి, పాలు రాని రోజులెన్నో ఇఫ్‌తో లెక్కపెట్టండి. తర్వాత మొత్తం కూడిపెట్టే సమ్ అనే ఫంక్షన్ (పేరు పెట్టి పిలిస్తే పనిచేసే కోడ్ ముక్క) ఉందని తెలిసి, నేను రాసిన నాలుగు లైన్ల పని ఇదొక్కటే చేసేస్తోందా అని కాస్త ఒళ్లు మండుతుంది. పర్లేదు, ఆ నాలుగు లైన్లూ రాసినవాళ్లకే సమ్ ఏం చేస్తోందో తెలుస్తుంది. ఫంక్షన్ల అధ్యాయం రెండుసార్లు చదవండి, చదివాక ఈ పాల లెక్కనే ఫంక్షన్‌గా మార్చండి. ఫైళ్ల అధ్యాయం వచ్చినప్పుడు లిస్టుని ఫైలులో దాచుకుని, నెల మారాక మళ్లీ తెరిచి పాత బాకీ కలపండి.

క్లాసుల (ఒక్కో ఖాతా లాంటిదాని వివరాల్నీ, ఫంక్షన్లనీ ఒకే మూసలో పెట్టే పద్ధతి) అధ్యాయం మొదటిసారికి దాటేసినా కొంపలేం మునగవు. పాల లెక్కలోకి పక్కింటివాళ్ల ఖాతా, అత్తయ్యగారింటి ఖాతా కూడా చేరి, లిస్టులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి గందరగోళం అయినప్పుడు ఆ పేజీ తీయండి.