నాన్న పాదం లేపే ప్యాడ్లు ఎక్కడ అంటించాలి

పక్షవాతం వచ్చాక మా నాన్న ఎడమ పాదం నేలకు రాసుకునేది, చెప్పు ఊడిపోయేది. నరానికి కొద్దిగా కరెంటు ఇచ్చి పాదాన్ని లేపే చిన్న యంత్రం ఉంది. ఫిజియో దగ్గర నేర్చుకుని రోజూ నేనే దాని ప్యాడ్లు పెడుతున్నాను.

ముందు కాలిని సబ్బుతో కడిగి ఆరనివ్వండి. కొబ్బరినూనె జిడ్డుంటే అంటుకోవు (మా నాన్న వింటేగా!). మోకాలి కింద, బయటివైపు గుండ్రటి ఎముక తగులుతుంది. పాదాన్ని లేపే నరం దాని వెనకనుంచే చుట్టి వస్తుంది. ఒక ప్యాడ్ అక్కడ, రెండోది కిందగా, ముందువైపు కండ మీద. కరెంటు సున్నా నుంచి మెల్లగా పెంచండి. పాదం పైకి లేవకుండా బయటికి తిరుగుతుంటే కింది ప్యాడ్‌ను ముంగాలి ఎముకవైపు కాస్త జరపండి.

మడమ లేవగానే చెప్పులోని స్విచ్ కరెంటు పంపుతుంది, ఆనగానే ఆపుతుంది. 1961లో డాక్టర్ లైబర్‌సన్ బృందం వాడిన పద్ధతే ఇది.

పేస్‌మేకర్ ఉంటే డాక్టర్‌ని అడగకుండా ముట్టుకోవద్దు. నరమే తెగినవాళ్లకు ఇది పనిచేయదు.