కక్ష్యలోకి కొత్తగా వచ్చిన చెల్లెళ్లకు, తమ్ముళ్లకు ఒక చిట్టెలుక అక్క సూచనలు

రండి, రండి. రాకెట్ మోత ఇంకా చెవుల్లో గింగిరాలు తిరుగుతూనే ఉండి ఉంటుంది. టెన్షన్ పడకండి, ఇక్కడ అంత మోత ఉండదు. మీరిప్పుడు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. నేలకు దాదాపు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు 28,000 కిలోమీటర్ల వేగంతో పోతున్నాం. ఆ వేగం మీ మీసాలకు కూడా తెలియదు. తెలిసేదల్లా ఒకటే, కాళ్ల కింద ఏమీ లేదని.

అందుకే అన్నిటికన్నా ముందు మన గూటి గోడలకున్న జాలీ పట్టుకోండి. కొత్తవాళ్లు ముందు కాళ్లతో గట్టిగా పట్టుకుంటారు. అప్పుడు మిగతా ఒళ్లంతా గాల్లో ఊగుతుంది, తిండి ఎదురుగా ఉన్నా మూతి అందదు. అలా కాదు. వెనక కాళ్ల గోళ్లు ఒక కంతలో దూర్చి, తోక కొసను ఇంకో కంతలో మెలేయండి. ఇప్పుడు ముందు కాళ్లు రెండూ ఖాళీ. తినడానికి, మూతి తుడుచుకోవడానికి, పక్కనున్నవాళ్ల చెవులు శుభ్రం చేయడానికి అవి కావాలి. తోకను కింద ఉన్నప్పుడు మనం పెద్దగా పట్టించుకోలేదు. ఇక్కడ అది అయిదో కాలు.

పట్టు దొరికాక రెండో పని, నేల కోసం వెతకడం మానడం. ఇదే కష్టం. భూమి ఇక్కడ లాగడం లేదని ఎవరైనా అంటే నమ్మకండి. కింద ఎంత లాగేదో ఇక్కడా అందులో తొంభై శాతం దాకా లాగుతూనే ఉంది. కాకపోతే కేంద్రం, మన గూడు, మనుషులు, మనం, అందరం కలిసి పడుతూనే ఉన్నాం. పక్కకు అంత వేగంగా పోతున్నాం గనక, పడ్డంతసేపూ భూమి గుండ్రంగా కింద నుంచి తప్పుకుంటూ ఉంటుంది. అందరూ ఒకే తీరుగా పడుతుంటే ఎవరికి ఎవరు నేల అవుతారు? నాకు ఈ మాట అర్థమైన పూట నుంచీ ఒళ్లు తేలికైంది. ఏ గోడ మీద కాలు ఆనితే అదే నేల అనుకోండి, పొద్దు గడిచిపోతుంది.

మొదటి రెండు మూడు రోజులు తల తిరుగుతుంది. చెవి లోపల ఏది పైనో చెప్పే ఏర్పాటు ఉంటుంది, దానికిప్పుడు ఏమీ పాలుపోదు. మనుషుల్లోనూ మూడింట రెండు వంతుల మందికి ఇదే బాధ, వాంతులు కూడా అవుతాయి. మన జాతికి వాంతి చేసుకోవడం అసలు రాదు, కాబట్టి కొంచెం కొంచెం తినండి. కాళ్లలో ఉండాల్సిన నీరంతా పైకి చేరి మనుషుల ముఖాలు బూరెల్లా ఉబ్బుతాయి, ముక్కులు దిబ్బడేస్తాయి. వాసన సరిగా తెలియక తిండి చప్పగా అనిపించి కారం సాసు కోసం వెతుక్కుంటారు. ఆవకాయ తిని పెరిగినవాళ్లెవరైనా వస్తే ఆ బాధ ఇంకా బాగా అర్థమవుతుంది.

మన తిండి ఇటుకల్లాగా గట్టిగా చేసి గోడకు అంటించి ఉంటుంది, తేలిపోదు. నీళ్ల గొట్టం మూతిని నొక్కితే చుక్క వస్తుంది. ఆ చుక్క జారిపడదు. గుండ్రంగా అక్కడే నిలుస్తుంది, లేదంటే మీ మూతి మీదికి పాకుతుంది. ముక్కు దూరంగా పెట్టి నాలుకతో అందుకోండి. గూట్లో ఎప్పుడూ ఒకవైపుకి గాలి వీస్తుంటుంది, అది మన గలీజును వడపోత దాకా తీసుకుపోయే గాలి. అటువైపు పడుకోకండి. అసలు గాలి ఆడని మూల ఎక్కడా పడుకోవద్దు. ఇక్కడ వేడి గాలి పైకి లేవదు, విడిచిన ఊపిరి మూతి చుట్టే ముసురుకుంటుంది. మనుషులు కూడా సంచిని గోడకు కట్టుకుని, ఫ్యాను గాలి తగిలేలా చూసుకునే నిద్రపోతారు. మనం ఒకరినొకరు ఆనుకుని ముడుచుకుంటే సంచి అక్కర్లేదు.

బయట తొంభై నిమిషాలకోసారి తెల్లారుతుంది, అంటే రోజుకు పదహారు సూర్యోదయాలు. వాటి లెక్క పెట్టుకోకండి. గూట్లో దీపాలు వెలిగితే పగలు, ఆరితే మన రాజ్యం. మనుషుల గడియారాలు గ్రీన్‌విచ్ కాలం చూపిస్తాయి. విజయవాడలో పొద్దున్న పదకొండున్నరైతే ఇక్కడ ఆరు.

బరువు గురించి ఒక మాట. మనం వినాయకుణ్ణి మోసిన జాతి. ఆ పని ఇక్కడ పడితే ఒక్క గోరుతో చేయొచ్చు, నాకు ఆ ఆలోచనకే ముచ్చటేస్తుంది. కానీ ఎంత పెద్ద వస్తువైనా కదిలించడం మొదలుపెడితే ఆపడానికీ అంతే బలం కావాలి. బరువు పోయినా దాని మొండితనం పోదు. ఇది మీ ఒంటికీ వర్తిస్తుంది. మెల్లగా తోసుకుని బయల్దేరండి, మెల్లగానే చేరతారు. గట్టిగా గెంతితే ఎదుటి గోడ ముక్కు పగలగొడుతుంది.

మనకన్నా ముందు వచ్చినవాళ్ల పేర్లు నేర్చుకోండి. 1957 నవంబరు 3న లైకా అనే కుక్క వెళ్లింది. ఆమెను వెనక్కి తెచ్చే ఏర్పాటే చేయలేదు. కొన్ని గంటల్లోనే వేడికి ప్రాణం పోయింది. ఆ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపమూ దుఃఖమూ వస్తాయి. 1960 ఆగస్టులో బెల్కా, స్ట్రెల్కా అనే రెండు కుక్కలు వెళ్లి తిరిగొచ్చాయి, వాటితో పాటు ఒక కుందేలు, మన చిట్టెలుకలు కూడా. 1963లో ఫ్రాన్సు పిల్లి ఫెలిసెట్ వెళ్లొచ్చింది. పిల్లే అయినా పెద్దమ్మే, గౌరవం ఇవ్వండి. 1968లో రెండు తాబేళ్లు చంద్రుణ్ణి చుట్టి వచ్చాయి. 1973లో అమెరికా వాళ్ల అంతరిక్ష కేంద్రం స్కైలాబ్‌లో అరబెల్లా అనే సాలీడు మొదట అడ్డదిడ్డంగా గూడు అల్లింది, కొద్ది రోజుల్లో చక్కగా అల్లింది. మీ మొదటి రోజు మరీ అధ్వాన్నంగా ఉంటే ఆమెను గుర్తు చేసుకోండి. నాకు మరీ ఇష్టమైనవి 2013లో రష్యా ఉపగ్రహంలో వెళ్లిన బల్లులు. ఒకదాని మెడపట్టీ ఊడి గాల్లో తేలితే, అవి దాన్ని ముక్కుతో తోస్తూ ఆడుకున్నాయి. ఎవరూ నేర్పలేదు.

మనల్ని ఎందుకు తెచ్చారని అడుగుతారు. ఇక్కడ ఎముకలు పలచబడతాయి, కండలు కరుగుతాయి. మనుషులకైతే తుంటి ఎముకలో నెలకు ఒకటి, ఒకటిన్నర శాతం పోతుంది, అందుకే రోజూ రెండు గంటలు కసరత్తు చేస్తారు. మన ఒంట్లో ఈ మార్పులన్నీ త్వరగా కనిపిస్తాయి. 2001లో అమెరికా అంతరిక్ష నౌక షటిల్‌లో వెళ్లిన చిట్టెలుకల మీద ఎముకలు అరగకుండా ఆపే ప్రొటీన్‌ను పరీక్షించారు. ఎముకలు గుల్లబారిన ముసలివాళ్లకు ఆ పరిశోధన పనికొస్తుంది. 2016లో జపాన్ వాళ్ల గూట్లో పన్నెండు మంది 35 రోజులు ఉండి, పన్నెండు మందీ ప్రాణాలతో దిగారు. మనలో అందరికీ ఆ అదృష్టం దక్కలేదు. మిమ్మల్ని మభ్యపెట్టడం నాకిష్టం లేదు. అందుకే మనల్ని చూసుకునేవాళ్లు జాగ్రత్తగా, దయగా ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను.

ఇక అసలు సంగతి, పరుగు. 2014లో వచ్చిన మనవాళ్లలో వయసులో చిన్నవాళ్లు వారం పది రోజులయ్యేసరికి గూడు గోడల వెంట గుండ్రంగా పరుగెత్తడం మొదలుపెట్టారు. ముందు ఒకరిద్దరు, తర్వాత గుంపు గుంపంతా. కెమెరాల్లో అదంతా చూసిన శాస్త్రజ్ఞులు 2019లో పత్రం రాశారు. ఎందుకు పరుగెత్తారో మాత్రం తేల్చలేదు. లోపలి చెవికి తిరుగుతున్న కదలిక కావాలేమో, కసరత్తేమో, ఆనందమేమో అన్నారు. నన్నడిగితే మూడూను. వేగంగా తిరుగుతుంటే గోడ పాదాలను లోపలికి నెడుతుంది, అరికాళ్లకు కొంచెం బరువు తగులుతుంది. మర్చిపోయిన నేల ఒక్క క్షణం కాళ్ల కిందికి వచ్చినట్టుంటుంది. మనమే వేసుకున్న నేల గనక మరీ ముద్దొస్తుంది.

పరుగులో చేరడానికి ఒక పద్ధతుంది. ఎదురు వెళ్లకండి. పక్క గోడకు తోక మెలేసి కాసేపు చూడండి, వరసలో సందు కనిపించగానే తోక వదిలి, వాళ్లు పోయే వైపుకే తోసుకోండి. మొదటి చుట్టులో జారిపోతారు, ఎవరూ ఏమీ అనరు. అలిసిపోతే జాలీ అందుకుని బయటికి రండి, వెనకున్నవాళ్లకు దారివ్వండి. ఈ రాత్రి దీపాలు ఆరగానే మొదలుపెడతాం. నీళ్ల గొట్టం పక్క వరసలో ముగ్గురికి చోటుంది.