దగ్గరదగ్గరగా ఉండే ఆకుపచ్చల్లో ఒకటి ఎంచుకోవాలంటే

గోడ రంగుల షేడ్ కార్డులో పిస్తా, లేతాకుపచ్చ, బూడిద కలిసిన ఆకుపచ్చ పక్కపక్కనే ఉంటే మూడూ ఒకేలా కనిపిస్తాయి. గోడంతా వేశాక గాని తేడా బయటపడదు. అప్పుడు మళ్లీ రంగు ఖర్చు, మళ్లీ కూలి.

నచ్చిన రెండు మూడు షేడ్లను దుకాణంలో దొరికే అతి చిన్న డబ్బాల్లో విడివిడిగా కలిపించుకోండి, 200 మిల్లీలీటర్లు చాలు. గోడ మీద కాకుండా తెల్లటి చార్టు మీద వేయండి. చుట్టూ రెండంగుళాల తెలుపు వదిలి రెండు పూతలు వేయాలి, మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. వెనక షేడ్ నంబరు రాసుకోవడం మరవకండి, ఆరాక ఏది ఏదో తెలియదు.

తెలుపు ఎందుకంటే, పాత గోడ రంగు ఆనుకుని ఉంటే కన్ను మోసపోతుంది. పాతది గులాబీ అయితే ఆకుపచ్చ ఉన్నదానికన్నా గాఢంగా తోస్తుంది.

చార్టును టేపుతో అంటించి ఉదయం, మధ్యాహ్నం, రాత్రి చూడండి. రాత్రిదే అసలు పరీక్ష. పసుపు కాంతినిచ్చే ఎల్ఈడీ కింద ఆకుపచ్చ పసుపు వైపు జరుగుతుంది, 6500 కెల్విన్ తెల్ల బల్బు కింద నీలం వైపు. కిటికీ ఎదుటి గోడకూ, చీకటి మూలకూ మార్చి పెట్టండి. నేనైతే మూలలోనూ బాగున్నదాన్నే తీసుకుంటాను.

నమూనా మెరుపు లేని మ్యాట్ రంగు అయి, గోడకు వేసేది మెరుపు రంగైతే మాత్రం ఈ పోలిక పనికిరాదు. చెమ్మ పట్టిన గోడకూ, లప్పం సరిగా పెట్టని గోడకూ అంతే.