లోకల్ పెయింటర్ ఎగ్జిబిషన్‌కి వెళ్తే బొమ్మలు ఎలా చూడాలి?

మన ఊరి పెయింటర్ ఎవరో రైతుల మీద, చేనేత మీద, ఎండిపోయిన చెరువుల మీద బొమ్మలు వేసి ఎగ్జిబిషన్ పెట్టాడని పేపర్లో చిన్న ముక్క పడుతుంది, రంగులు భలే ఉన్నాయే వెళ్దామా అనిపిస్తుంది, అంతలోనే "మనకేం అర్థమవుతుందిలే" అని ఆగిపోతాం. నేనూ చాలా ఏళ్లు అట్లాగే ఆగిపోయాను. ఇప్పుడు నేను ఎలా చూస్తానో చెప్తా.

స్టెప్ 1: ఓపెనింగ్ రోజు వెళ్లకండి. శాలువాలు, ఫోటోలు, ఉపన్యాసాలు, బొమ్మలకి అడ్డంగా జనం. రెండో రోజో మూడో రోజో మధ్యాహ్నం పూట వెళ్తే పెయింటర్ ఒక్కడే కుర్చీలో కూర్చుని ఉంటాడు. అలాగని చివరి రోజు సాయంత్రం దాకా ఆగితే బొమ్మలు దించుతూ కనిపిస్తారు. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీ లాంటి పెద్ద చోటైనా, మీ ఊరి టౌన్‌హాలైనా, టైమింగ్స్ ఒకసారి ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.

స్టెప్ 2: మొదటి రౌండ్‌లో ఏమీ చదవొద్దు, ఫోన్ జేబులోనే ఉంచండి. ఊరికే తిరగండి. మళ్లీ వెనక్కి వెళ్లి చూడాలనిపించిన మూడు బొమ్మలు గుర్తుపెట్టుకోండి, మిగతావి వదిలేసినా ఏం కాదు.

స్టెప్ 3: ఆ మూడింటిని ముందు దూరం నుంచి, తర్వాత దగ్గర నుంచి చూడండి (ముట్టుకోకుండా!). ఆ తర్వాతే పక్కన ఉన్న చీటీ చదవండి. పేరు, సైజు, ఏ రంగులు వాడారు అన్నీ ఉంటాయి, అక్రిలిక్ అయితే తొందరగా ఆరిపోతుంది, ఆయిల్ అయితే రోజులు పడుతుంది. నేను ముందు చూసేది మాత్రం సంవత్సరం. 2020 అని ఉండి, హైవే మీద మూటలు నెత్తిన పెట్టుకుని పిల్లల్తో నడుస్తున్న మనుషులు ఉంటే ఇంకెవరూ వివరించక్కర్లేదు కదా.

స్టెప్ 4: రంగుల సంగతి. కష్టాల బొమ్మకి ఇన్ని రంగులెందుకు అని చాలామంది అంటారు. 1943 బెంగాల్ కరువుని చిత్తప్రసాద్ అనే బెంగాలీ చిత్రకారుడు నల్ల ఇంకుతోనే గీశాడు, ఆ బొమ్మల పుస్తకాన్ని బ్రిటిష్ వాళ్లు పట్టుకుని నాశనం చేయించారు కూడా. కానీ మన దగ్గర చేర్యాల పటాలు (కథ చెప్పడానికి బట్ట మీద వేసే బొమ్మలు) చూడండి, కథ ఏదైనా వెనక అంతా ఎరుపే. మన తెలంగాణ పెయింటర్ తోట వైకుంఠం గారి బొమ్మల్లో ఆడవాళ్లకి నుదుటి మీద ఆ పెద్ద బొట్టు, ఒంటి మీద ఆ ఎర్ర చీరలు ఆయన ఊళ్లో చూసినవే. పొలంలో కూలికి వెళ్లే ఆవిడ కూడా రంగు చీరే కట్టుకుంటుంది, కష్టం ఉందని తెల్లచీర కట్టుకోదుగా. కాబట్టి రంగులు చూసి "డెకరేషన్" అని కొట్టిపారేయకండి. అయితే నిజంగానే డెకరేషన్ కోసం వేసినవీ ఉంటాయి, పగిలిన నేల, కుండ, అన్ని బొమ్మల్లో ఒకటే అందమైన మొహం, సోఫా వెనక గోడకి సరిపోయే కరువు అన్నమాట. నేనైతే చేతులు, కాళ్లు చూస్తా. పనిచేసే మనిషి వేళ్లు మరీ నున్నగా ఉంటే డౌటే.

స్టెప్ 5, నాకు అన్నింటికన్నా ఇష్టమైంది: బొమ్మలో ఉన్న పని నిజంగా చేసినవాళ్లని తీసుకెళ్లండి. ఒకసారి మా అమ్మని తీసుకెళ్లా. వరినాట్ల బొమ్మ, పచ్చటి పచ్చదనం, నేను ఆహా అనుకుంటుంటే అమ్మ "ఇదేందిరా, ముందుకు నడుస్తుంది?" అంది. నాటేసేవాళ్లు వెనక్కి వెనక్కి జరుగుతారు, ముందుకెళ్తే నాటిన నారునే తొక్కేస్తారు కదా. పదేళ్లు ఎగ్జిబిషన్లు తిరిగిన నాకు తట్టలేదు.

స్టెప్ 6: పెయింటర్‌తో మాట్లాడండి. "దీని అర్థమేంటండీ" అని మాత్రం అడక్కండి పాపం, రోజుకి యాభైసార్లు వింటాడు. "ఇది ఎక్కడ చూశారండీ?" అనండి, "బొమ్మలో ఉన్నావిడ ఈ బొమ్మ చూసిందా?" అనండి, అక్కడి నుంచి మాటలు వాటంతటవే వస్తాయి. ఫోటో తీయాలంటే అడిగి తీయండి, ఫ్లాష్ వద్దు. చీటీ మీద ఎర్ర చుక్క ఉంటే మామూలుగా అమ్ముడుపోయినట్టు. కొనేంత డబ్బు లేకపోతే ప్రింటో కార్డో ఉందేమో అడగండి, ఉంటే బేరం ఆడకుండా తీసుకోండి.

బయటికొచ్చేటప్పుడు గుమ్మం దగ్గర ఒక పుస్తకం ఉంటుంది, అందరూ "చాలా బాగుంది" అని రాసి సంతకం పెట్టి పోతారు. ఏ బొమ్మ, ఎందుకు అని రాయండి. అమ్మ అయితే పెన్ను అడిగి తీసుకుని, కూడబలుక్కుంటూ ఒక్క లైన్ రాసింది: "నాట్ల బొమ్మ బాగుంది బాబు, ఆమెని వెనక్కి నడిపించు."