స్టేట్ మ్యాచ్‌లకు ముందు పిస్టల్ షూటర్లు చూపుడు వేలి విషయంలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

స్టేట్ ఛాంపియన్‌షిప్ తేదీలు రాగానే రేంజ్‌లో అందరూ ఒక్కసారిగా ప్రాక్టీస్ పెంచేస్తారు. 10 మీటర్ల ఎయిర్ పిస్టల్ మ్యాచ్ అంటే 75 నిమిషాల్లో 60 షాట్లే, కానీ ప్రాక్టీసూ, ఇంట్లో గోడకేసి గుండు లేకుండా చేసే డ్రై ఫైరింగూ కలిపితే రోజుకి ట్రిగ్గర్ లాగడం వందల్లోకి వెళ్తుంది. వేలి నొప్పి మొదలయ్యేది అక్కడే. మొదలవగానే చాలామంది అనే మాట, "ట్రిగ్గర్ గట్టిగా ఉంది, కాస్త లూజు చేయించాలి." దయచేసి ఆ పని చేయకండి. ఎయిర్ పిస్టల్‌కి ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు ఉండాలి, ఆ బరువు తగిలించి చూసినప్పుడు ట్రిగ్గర్ దాన్ని మోయకపోతే చెకింగ్‌లో పోతారు. అంతకన్నా ముఖ్యం, మరీ తేలికైన ట్రిగ్గర్ మీరు అనుకోకముందే పేలుతుంది.

నా అనుభవంలో తప్పు ఎక్కువగా వేలు పెట్టే చోట ఉంటుంది. ప్రాక్టీస్ అవగానే చూపుడు వేలి కొన మీద ట్రిగ్గర్ అచ్చు ఎక్కడ పడిందో చూసుకోండి. మెత్తటి భాగం మధ్యలో పడితే సరే. పక్క అంచున పడినా, మొదటి కణుపు మడతలో పడినా బరువంతా సన్నటి గీత మీద పడుతున్నట్టే, బొబ్బలూ కాయలూ వచ్చేది అక్కడే, పక్కన ఉండే నరం నలిగితే వేలు మొద్దుబారుతుంది కూడా. ఇంకోటి, వేలి మధ్య భాగం గ్రిప్‌కి రాసుకోకూడదు, సన్నటి పెన్ను దూరేంత ఖాళీ కనిపించాలి.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో నాలుగు పతకాలు తెచ్చింది, ఆమెను చూసి పిస్టల్ పట్టిన చిన్న పిల్లలు మన దగ్గర ఉన్నారు. వాళ్లలో ఎక్కువమంది క్లబ్ పిస్టల్‌తోనే నేర్చుకుంటారు, దాని గ్రిప్ పెద్దవాళ్ల చేతికి సరిపోయేది. పిల్లాడు వేలు సాగదీసి కొనతో గీకుతుంటాడు. తల్లిదండ్రులు కోచ్‌ని అడగండి, చాలా మ్యాచ్ పిస్టళ్లలో ట్రిగ్గర్ బ్లేడుని వెనక్కి జరపొచ్చు, చిన్న సైజు గ్రిప్పులూ దొరుకుతాయి. స్క్రూలు మాత్రం ఇంట్లో తిప్పకండి, కోచో ఆర్మరరో (తుపాకులు బాగుచేసేవాళ్లు) చేయాల్సిన పని అది.

25 మీటర్ల పిస్టల్‌కి కొత్తగా మారేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ట్రిగ్గర్ కనీసం 1000 గ్రాములు, అంటే రెట్టింపు, పైగా ర్యాపిడ్ (వేగంగా కాల్చే) దశలో టార్గెట్ కనిపించే 3 సెకన్లలో షాట్ వదలాలి కాబట్టి టెన్షన్‌లో చెయ్యంతా బిగుస్తుంది, మిగతా వేళ్లు పిస్టల్‌ని పిండేస్తుంటే చూపుడు వేలూ వాటితోపాటు బిగుస్తుంది. మొదటి వారాల్లో షాట్లు తగ్గించి మెల్లగా పెంచండి.

కాయ కాస్తే బ్లేడుతో కోయకండి, స్నానం తర్వాత గోళ్ల ఫైలుతో పైపైన రుద్దండి. చర్మం పగిలి ఉంటే ఆ రోజు ఆపేయండి, పెల్లెట్లు (ఎయిర్ పిస్టల్ గుళ్లు) సీసం కాబట్టి పగుళ్లున్నా లేకున్నా తినేముందు సబ్బుతో చేతులు కడుక్కోకుండా ఏదీ ముట్టుకోవద్దు. వేలికి ప్లాస్టర్ చుట్టి షూట్ చేయడం వద్దు, ట్రిగ్గర్ స్పర్శ తెలియదు, అంచు లేచి ట్రిగ్గర్ గార్డులో చిక్కుకునే ప్రమాదమూ ఉంది, మ్యాచ్‌లో టేపుల మీద నిషేధాలూ ఉన్నాయి. నొప్పి మాత్ర వేసుకుని ప్రాక్టీస్ సాగదీయడం కూడా అంతే చెడ్డది. వేలు మొద్దుబారితే పిస్టల్ ఖాళీ చేసి బల్ల మీద పెట్టేయండి, స్పర్శ లేని వేలు ట్రిగ్గర్ మీద ఉండకూడదు.

పొద్దున లేవగానే వేలు ముడుచుకుపోయి, చాపితే టక్కుమని తెరుచుకుంటూ, అరచేతిలో వేలి మొదట్లో నొక్కితే నొప్పి పుడుతుంటే ఆర్థోపెడిక్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. దాన్ని ట్రిగ్గర్ ఫింగర్ అంటారు, షుగర్ ఉన్నవాళ్లలో ఎక్కువ. తొందరగా చూపించుకుంటే విశ్రాంతి, స్ప్లింట్ (వేలు కదలకుండా పెట్టే పట్టీ), అవసరమైతే ఇంజెక్షన్‌తో చాలామందికి తగ్గిపోతుంది.

డిసెంబర్‌లో నేషనల్స్‌కి ఢిల్లీ, భోపాల్ వెళ్లాల్సి వస్తే చలికి మన వేళ్లు బిర్రబిగుసుకుపోతాయి. రాత్రి పడుకునేముందు వాజిలిన్ రాసుకోండి, పొద్దున మాత్రం వద్దు, ట్రిగ్గర్ జారుతుంది. షాట్ షాట్‌కీ మధ్య చెయ్యి జేబులో పెట్టుకుని వెచ్చగా ఉంచుకోండి.