ఎలక్ట్రిక్ స్కూటర్ బరువు, కుదుపులు, చప్పుళ్లు: ఏ సమస్యకు ఏది కారణం, ఏం చేయాలి?

మా కుటుంబంలో మూడు ఎలక్ట్రిక్ స్కూటర్లు ఉన్నాయి. నాది వెనక చక్రంలోనే మోటారు ఉండే హబ్ మోటారు బండి. మా బావది రేకు బాడీ బండి, బరువు 130 కిలోలు దాటుతుంది. అక్కది లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేని చిన్న బండి. గంటకు 25 కిలోమీటర్లు మించదు, అందులో లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఉంటాయి. ఖమ్మంలో అందరం కలిసినప్పుడల్లా ఇదే చర్చ. "బరువుంటేనే బండి పదేళ్లు నిలబడుతుంది" అంటాడు బావ. "మీరు పదేళ్లంటారు, రోజూ ర్యాంపు మీదికి తోసేది నేను" అంటుంది అక్క.

మూడేళ్లుగా ఈ మూడింటినీ దగ్గరుండి చూశాక నాకు ఒకటి అర్థమైంది. "డిజైన్ బాగోలేదు" అని మనం కొట్టిపారేసేవాటిలో చాలా వరకు టైరు గాలి, ఒక బుష్ (కదిలే భాగాల మధ్య వేసే రింగు), ఒక స్విచ్ దగ్గర తేలిపోతాయి. కొన్ని మాత్రం నిజంగా డిజైన్ లోపాలే, వాటికి మెకానిక్ దగ్గర మందు లేదు. ఏది ఏదో తెలియకుండా షోరూమ్ వాళ్లతో గొడవపడితే డబ్బు, సమయం రెండూ పోతాయి.

బండి తోస్తుంటే కదలనంత బరువుగా ఉంది

ముందు అసలు బరువు సంగతి. పెట్రోల్ యాక్టివా 106 కిలోల దాకా ఉంటుంది. మామూలు వేగంతో వెళ్లే ఎలక్ట్రిక్ స్కూటర్లు ఎక్కువగా 105 నుంచి 135 కిలోల మధ్య ఉంటాయి. అంటే కొన్నింటిలో పెట్రోల్ బండికీ వీటికీ తేడా చాలా తక్కువ. పైగా బ్యాటరీ కాళ్లు పెట్టుకునే చోటు కింద ఉంటే, బరువంతా నేలకు దగ్గరగా ఉండి మలుపుల్లో బండి నిలకడగా పోతుంది. బావ చెప్పే "రోడ్డును పట్టుకుని పోతుంది" అనే మాటలో నిజం ఇదే.

మరి అక్క బండి కాగితం మీద మూడింటిలోకీ తేలిక. తోయడానికి మాత్రం అదే కష్టంగా ఉండేది. ఏడాది పాటు అందరం "లెడ్ బ్యాటరీల బరువు" అనే అనుకున్నాం. ఒక రోజు మెయిన్ స్టాండు వేసి, స్విచ్ ఆపి, వెనక చక్రం చేత్తో తిప్పి చూశాను. అర చుట్టు కూడా తిరగలేదు. మీరూ మొదట చేయాల్సింది ఈ పరీక్షే.

హబ్ మోటారులో అయస్కాంతాలు ఉంటాయి కాబట్టి కొద్దిగా పట్టి పట్టి తిరగడం మామూలే. అంతకు మించి బిగుసుకుంటే మూడు కారణాలు చూడాలి. ఒకటి, వెనక డ్రమ్ బ్రేకు అతిగా బిగించి ఉండటం. అక్క బండిలో ఇదే జరిగింది. బ్రేకు కేబుల్ చివరి నట్టు మూడు చుట్లు వదులు చేస్తే చక్రం హాయిగా తిరిగింది. రెండోది బేరింగ్ పోవడం, దీనికి గరగరమనే శబ్దం తోడుంటుంది. మూడోది చాలామందికి తెలియదు. మోటారుకు వెళ్లే కరెంటును అదుపు చేసే పెట్టెను కంట్రోలర్ అంటారు. అందులో స్విచ్‌లలా పనిచేసే మాస్‌ఫెట్లు షార్ట్ అయితే మోటారే బ్రేకులా పనిచేస్తుంది, తోస్తుంటే ఎవరో వెనక్కి లాగుతున్నట్టు ఉంటుంది. మెకానిక్ చేత బ్యాటరీ కనెక్షన్ తీయించి, ఆ తర్వాత మోటారు నుంచి వచ్చే మూడు లావు వైర్లను కంట్రోలర్ నుంచి విడదీయించండి. అప్పుడు చక్రం తేలిగ్గా తిరిగితే తప్పు కంట్రోలర్‌ది. అప్పటికీ బిగుసుకునే ఉంటే మోటారులోనో ఆ వైర్లలోనో ఉంది. వారంటీలో ఉన్న బండి అయితే మాత్రం దేన్నీ విప్పకుండా నేరుగా సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లండి.

టైరులో గాలి తగ్గినా బండి బరువెక్కినట్టే ఉంటుంది. స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉండే చేయి) మీదో, సీటు కిందో అంటించిన స్టిక్కర్‌లో ఉన్న ప్రెషరే పట్టించండి. "ఎలక్ట్రిక్ బండికి ఎంతైనా పర్లేదు" అనే పంక్చర్ షాపు మాట వినొద్దు.

అక్క బండిలో 12 వోల్టుల బ్యాటరీలు ఐదు ఉన్నాయి. ఒక్కొక్కటి 7, 8 కిలోలు. లిథియానికి మారిస్తే పాతిక కిలోల దాకా తగ్గుతుంది. అయితే బ్యాటరీ ఒక్కటే మార్చడం ప్రమాదం. చార్జర్ కూడా లిథియానిదే ఉండాలి, కంట్రోలర్ ఏ వోల్టేజీ దగ్గర కట్ అవుతుందో అది కొత్త ప్యాక్‌కు సరిపోవాలి, ప్యాక్‌లో బీఎంఎస్ (సెల్స్‌ను కాపాడే సర్క్యూట్) తప్పనిసరి. పాత చార్జర్‌తోనే నడిపేద్దామనే షాపులో మార్పించుకోవద్దు. ఇది గట్టిగా చెబుతున్నాను.

చిన్న గుంతకే వెన్నులో జర్కు

హబ్ మోటారు బండ్ల మీద ఎక్కువగా వినే ఫిర్యాదు ఇది, ఇందులో డిజైన్ పాత్ర నిజంగా ఉంది. షాక్ అబ్జార్బర్‌కు పైన ఉన్న బరువును స్ప్రింగు మోస్తుంది. కింద చక్రంతో పాటు ఉన్న బరువు గుంతలో పడ్డప్పుడు నేరుగా కొట్టుకుంటుంది. మోటారును చక్రంలో పెడితే ఆ కింది బరువు పెరుగుతుంది, కాబట్టి చక్రం రోడ్డు ఎత్తుపల్లాలకు తగ్గట్టు త్వరగా లేచి పడలేదు. మోటారు మధ్యలో ఉండి బెల్టుతోనో గేర్లతోనో చక్రాన్ని తిప్పే బండ్లలో ఈ ఇబ్బంది తక్కువ. అలాగని హబ్ మోటారు పనికిరాదని కాదు. బెల్టు, గేర్లు లేవు కాబట్టి అరిగేవి తక్కువ, సర్వీసు ఖర్చు తక్కువ. నా బండికి ఇప్పటిదాకా మోటారు పని ఏదీ రాలేదు.

కుదుపు తగ్గించుకోవడానికి చేయగలిగినవి ఉన్నాయి. గాలి స్టిక్కర్ ప్రకారం ఉందో లేదో చూడండి. పెట్రోల్ బండి అలవాటుతో నాలుగైదు పాయింట్లు ఎక్కువ కొట్టించుకుంటే కుదుపు అక్కడే మొదలవుతుంది. వెనక షాకుకు ప్రీలోడ్ (స్ప్రింగు బిగువు) అడ్జస్ట్‌మెంట్ ఉంటే, ఒక్కరే తిరిగేవాళ్లు దాన్ని అన్నిటికన్నా మెత్తని మెట్టులో పెట్టుకోండి. ఇద్దరు ఎక్కినప్పుడు ఒక మెట్టు పెంచండి. షాకు రాడ్డు మీద నూనె తడి కనిపిస్తే సీలు పోయినట్టు, ఇక అడ్జస్ట్‌మెంట్ వల్ల లాభం లేదు, షాకు మార్చాల్సిందే.

హబ్ మోటారు ఉన్నవాళ్లు ఇంకో రెండు చూసుకోవాలి. గుంతల్లో పడి పడి వెనక రిమ్ము వంగుతుంది. స్టాండు వేసి తిప్పితే అంచు ఊగుతూ కనిపిస్తుంది. ఇక యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్లు. అవి వదులైతే యాక్సిల్ తన చోట్లోనే తిరిగి, అందులోంచి బయటికి వచ్చే వైర్లను మెలిపెట్టి తెంపేస్తుంది. పంక్చర్ కోసం చక్రం విప్పిన ప్రతిసారీ నట్లు, వాషర్లు మునుపటిలా బిగించారో లేదో దగ్గరుండి చూడండి.

బ్రేకు కొడితే ముందు భాగంలో "టక్" మంటుంది

బండిని నిలబెట్టి, ముందు బ్రేకు గట్టిగా పట్టి, హ్యాండిల్‌ను ముందుకూ వెనక్కూ ఊపండి. హ్యాండిల్ కింద మెడ దగ్గర టక్కుమంటే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగ్) వదులైనట్టు. బిగిస్తే సరిపోతుంది, బాల్స్ అరిగిపోతే సెట్ మార్చాలి. శబ్దం కింద, చక్రం దగ్గర వస్తే ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉండే భాగం) బుష్‌లు చూపించండి.

ముందు ఫోర్కు విషయంలో ఓనర్ల మాటను కొట్టిపారేయకూడదు. ఒక పక్కనే ఫోర్కు ఉన్న డిజైన్ మీద ఓనర్లు ఆందోళన చెప్పాక, 2023 మార్చిలో ఓలా కంపెనీ ఉచితంగా కొత్త ఫోర్కు వేసి ఇస్తామని ప్రకటించింది. తర్వాతి మోడళ్లలో రెండు పక్కలా ఉండే ఫోర్కు వచ్చింది. సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ఈ మార్పు జరిగిందో లేదో చూసుకోవాలి.

ప్లాస్టిక్ పలకలు గలగలలాడుతున్నాయి

ఇది బండి గట్టిదనానికి కొలత కాదు. సర్వీసులో పలకలు విప్పి బిగించేటప్పుడు క్లిప్పులు విరిగి, ఒకటి రెండు స్క్రూలు తగ్గుతాయి. నంబర్ ప్లేటు దగ్గర రబ్బరు వాషరు వేస్తే సగం శబ్దం పోతుంది. ప్లాస్టిక్ పగిలితే పలక మారుస్తారు, రేకు సొట్టపడితే డెంటింగ్, పెయింటింగ్ ఖర్చు. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో రేకు మీద పెయింటు లేచిన చోట వెంటనే టచప్ చేయించకపోతే తుప్పు మొదలవుతుంది.

బెల్టు బండి "కీచు కీచు" మంటే బెల్టు మీద దుమ్ము పేరుకుందని అర్థం. మెత్తటి బ్రష్షుతో దులిపి, పొడి బట్టతో తుడవండి. గొలుసుకు వేసినట్టు ఆయిల్ వేయకండి. తగ్గకపోతే టెన్షన్ చూపించండి.

స్విచ్ ఆన్ అవుతుంది, యాక్సిలరేటర్ తిప్పినా కదలదు

మొదట సైడ్ స్టాండు. కింద సెన్సర్ మీద బురద పట్టినా స్టాండు వేసే ఉందని బండి అనుకుంటుంది. తర్వాత బ్రేకు లివర్లు. లివర్ లోపలి స్విచ్ ఇరుక్కుంటే మోటారుకు కరెంటు ఆగిపోతుంది. వెనక బ్రేకు లైటు వెలుగుతూనే ఉందేమో చూస్తే వెంటనే తెలిసిపోతుంది. బయల్దేరేటప్పుడు వణికి, చేత్తో తోస్తే కదిలితే హాల్ సెన్సర్‌ను (మోటారు ఏ స్థానంలో ఉందో కంట్రోలర్‌కు చెప్పేది) అనుమానించాలి. అసలు డిస్‌ప్లేయే రాకపోతే, కొన్ని బండ్లలో ఉండే చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోయి ఉండొచ్చు. పెద్ద బ్యాటరీ నిండా ఉన్నా ఇది లేకపోతే బండి మేల్కోదు.

మైలేజీ పడిపోయింది

"రోజూ ఫుల్ చార్జ్ పెట్టాలి" అని అక్క, "ఫుల్ పెడితే బ్యాటరీ పాడవుతుంది" అని బావ. ఎవరి బండికి వాళ్ల మాట సరైనదే! లెడ్ యాసిడ్‌ను ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి పాడవుతుంది, చార్జ్ దిగిన వెంటనే ఫుల్ చేయాలి. లిథియం అలా కాదు. దాన్ని నూరు శాతంలో, అందులోనూ వేడిలో, రోజుల తరబడి ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. ఊరికి వెళ్లేటప్పుడు సగం చార్జ్‌తో వదిలితే మంచిది. అప్పుడప్పుడు ఒకసారి పూర్తిగా నింపితే లోపలి సెల్స్ సమానమవుతాయి.

లెడ్ బండిలో ఉన్నట్టుండి దూరం తగ్గితే ఐదూ మార్చేయకండి. కాస్త నడిపి వచ్చి మల్టీమీటర్‌తో ఒక్కోదాని వోల్టేజీ చూడండి. నాలుగు 12 పైన ఉండి ఒకటి 10.5 దగ్గర ఉంటే దొంగ అదే.

లిథియానికి మన ఎండాకాలమే పెద్ద పరీక్ష. రామగుండం, రెంటచింతల 45 డిగ్రీలు దాటే ఊళ్లు. మిట్టమధ్యాహ్నం తిరిగొచ్చి వేడి బ్యాటరీకి వెంటనే చార్జర్ తగిలించకండి, గంట ఆగండి. ఘాట్ రోడ్డులో పవర్ తగ్గితే అది చెడిపోవడం కాదు, మోటారును, బ్యాటరీని కాపాడుకోవడానికి బండే తగ్గించుకుంటుంది. నీడలో కాసేపు ఆగితే మళ్లీ వస్తుంది. బ్యాటరీ ఉబ్బినా, రసాయన వాసన వచ్చినా, చార్జింగ్‌లో ఎప్పుడూ లేనంత వేడెక్కినా ఆపేసి, ఇంటి బయట పెట్టి, కంపెనీకి చెప్పండి. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్ జిల్లాలో ఇంట్లోనే స్కూటర్ బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ ఏడాది ప్రమాదాల తర్వాతే ఎలక్ట్రిక్ బండ్ల బ్యాటరీలకు వర్తించే ఏఐఎస్ 156 భద్రతా నిబంధనలు కఠినం చేశారు. బ్యాటరీని పడకగదిలో, గుమ్మానికి అడ్డంగా పెట్టి రాత్రంతా చార్జింగ్ చేయొద్దు.

నీళ్లలో మునిగిన బండి

2024 సెప్టెంబరు 1న మున్నేరు నది పొంగినప్పుడు మా ఖమ్మంలో కాలనీలకు కాలనీలే మునిగాయి. బావ బండి సీటు దాకా నీళ్లలో ఉంది. నీళ్లు తీశాక ఆయన చేయబోయిన మొదటి పని తాళం తిప్పడం. ఆపాను.

బ్యాటరీకి ఐపీ67 రేటింగ్ ఉందంటే మీటరు లోతు నీళ్లలో అరగంట పెట్టి పరీక్షించారని అర్థం. బురద నీళ్లలో ఒక రాత్రంతా ఉండటం వేరే సంగతి. పైగా ఆ రేటింగ్ బ్యాటరీకి ఉన్నా కనెక్టర్లకు, చార్జింగ్ సాకెట్‌కు ఉండకపోవచ్చు. మునిగిన బండిని ఆన్ చేయకూడదు, చార్జర్ పెట్టకూడదు. ఇంటికి దూరంగా గాలి తగిలే చోట నిలబెట్టాలి. ఫోటోలు, వీడియో తీసి ముందు ఇన్సూరెన్సుకు చెప్పాలి, తర్వాత సర్వీస్ సెంటర్ వాళ్లే తీసుకెళ్లేలా అడగాలి. బావ బండిలో బ్యాటరీ బాగానే ఉంది, కనెక్టర్లు రెండు పచ్చబారి మార్చాల్సి వచ్చింది. అలాగే వాటర్ సర్వీసులో ప్రెషర్ గన్ను మోటారు వైర్ల మీద, చార్జింగ్ మూత మీద కొట్టినా నీళ్లు లోపలికి పోతాయి. బకెట్, గుడ్డ చాలు.

రిపేరుతో పోనివి

బండి సొంత బరువు, సీటు ఎత్తు, నేలకూ అడుగు భాగానికీ మధ్య ఎడం, మోటారు ఉన్న చోటు. ఇవి కొన్నాక మారవు. అందుకే టెస్ట్ రైడ్ షోరూమ్ ముందు సాఫీ రోడ్డు మీద కాకుండా మీ వీధిలో చేయండి. మీ స్పీడ్ బ్రేకర్ మీద వెనక మనిషిని ఎక్కించుకుని పోండి, కింద గీసుకుంటుందేమో వినండి. నిండు గ్యాస్ సిలిండర్ 30 కిలోల దాకా ఉంటుంది. అలాంటివి తెచ్చే ఇల్లయితే బండి ఎంత బరువు మోయగలదో ముందే అడగండి. రోజూ ఎవరు తోస్తారో వాళ్ల చేతే మెయిన్ స్టాండు వేయించి, ర్యాంపు ఎక్కించి చూడండి. రివర్స్ మోడ్ ఉందో లేదో కూడా అక్కడే తెలుస్తుంది. అక్క పోయిన నెల కొత్త బండి చూడటానికి వెళ్లినప్పుడు, దాన్ని ఇంటికి తెప్పించి మా ర్యాంపు మీద మూడుసార్లు ఎక్కించి దించాకే అడ్వాన్సు ఇచ్చింది.